గుద్దుకున్న బండిని మనమే బాగు చేసి అమ్మాలంటే

నాది అనంతపురంలో మోటార్ వైండింగ్ అంగడి. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, కొత్త తీగ చుట్టి ఇస్తుంటాను. కారు మెకానిక్‌ని కాను. కిందటేడు మే నెలలో రాత్రిపూట ధర్మవరం నుంచి వస్తూ, వెనక లైటు గానీ రేడియం స్టిక్కరు గానీ లేని ట్రాక్టరు ట్రాలీని నా 2013 వేగనార్‌తో గుద్దాను. ట్రాలీ నిండా శనక్కట్టె. నాకేం కాలేదు, బండి మూతి మాత్రం నుజ్జయింది. పాతబండే కదా అని ఫుల్ ఇన్సూరెన్స్ మానేసి థర్డ్ పార్టీ ఒక్కటే కడుతున్నాను, కాబట్టి క్లెయిమ్ మాటే లేదు. గ్యారేజీలో 75 వేలు అడిగారు. ఉన్నదున్నట్టు అమ్మితే బ్రోకరు 90 వేలు దాటనన్నాడు. నాలుగైదు ఆదివారాలు పోతే పోయాయిలే అని నేనే దిగాను.

స్పానరు పట్టక ముందు ఒక గీత గీసుకోండి. బోల్టుతో బిగించినది మన పని, వెల్డింగ్‌తో అతికించినది టింకరింగ్ మేస్త్రీ పని. బానెట్, ఫెండర్లు, బంపర్, హెడ్‌లైట్లు, రేడియేటర్ బోల్టులకు వస్తాయి. చాసిస్ లెగ్గులు (ముందు భాగాన్ని మోసే దూలాలు), పిల్లర్లు (పైకప్పును మోసే కంబాలు), అప్రాన్ (ముందు చక్రం లోపలివైపు రేకు) జోలికి పోవద్దు. మళ్లీ గుద్దుకుంటే లోపలున్న మనిషిని కాపాడేవి అవే.

లోపల వంకర ఉందో లేదో కంటికి తెలియదు, టేపు పెట్టాలి. ఎడమ షాక్ అబ్జార్బర్ పైబోల్టు నుంచి కుడి హెడ్‌లైట్ బిగించే రంధ్రానికి కొలవండి. తర్వాత కుడి నుంచి ఎడమకు. రెండు కొలతలూ సమానంగా రావాలి, తేడా 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఫర్వాలేదు. నాకు 11 వచ్చింది. రేడియేటర్ కింది అడ్డపట్టీ లోపలికి నొక్కుకుపోయింది. బండిని మేస్త్రీ దగ్గరికి లాగించి పట్టీ మార్పిస్తే తేడా 2కి దిగింది. అదొక్కటే 9 వేలు. అక్కడ మాత్రం బేరమాడలేదు.

ఎయిర్‌బ్యాగులున్న బండైతే ఇంకో మాట. కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచి తప్పనిసరి చేశారు, ఆ తర్వాతి బండి ఏదైనా ఉంటుంది. అది తెరుచుకుని ఉంటే కంపెనీ వర్క్‌షాపులోనే మార్పించాలి. పాత బ్యాగు తెచ్చి కుట్టించడం, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలగకుండా వైరు మార్చడం లాంటివి చేసేవాళ్లున్నారు. అది కొనేవాడి ప్రాణంతో ఆడుకోవడం.

ఏసీ పైపులు కూడా విప్పొద్దు. లోపల గ్యాసు ప్రెషర్‌లో ఉంటుంది. ఏసీ మెకానిక్ వచ్చి గ్యాసు తీశాకే కండెన్సర్ విప్పాలి. పైపులు తెరిచి పెడితే గాలిలో తేమ లోపలికి పోతుంది కాబట్టి తేమ పీల్చే డ్రయర్ కూడా మార్చమనండి.

సామాన్ల కోసం నేను బెంగళూరు శివాజీనగర్ గుజిరీకి, అంటే పాత సామాన్ల బజారుకి వెళ్లాను. ఫ్యాన్‌తో సహా రేడియేటర్, తెల్లరంగు బానెట్ అక్కడ దొరికాయి. ఫెండర్లు మాత్రం ఇక్కడే కొత్తవి కొన్నాను, పాతవాటికీ వాటికీ ధరలో పెద్దగా తేడా లేదు. గుజిరీలో బానెట్ కొనేటప్పుడు గుడ్డలో చుట్టిన అయస్కాంతం తీసుకుపోండి. అంటుకోని చోట రంగు కింద మందంగా పుట్టీ ఉందన్నమాట.

బంపర్ కొత్తది కొనలేదు. జానెడు చీలిక, పైన ఒక చెవి విరిగింది. వైండింగ్ వాడికి సోల్డరింగ్ ఐరన్ ఉండనే ఉంటుంది కదా! చీలిక రెండంచులూ దగ్గరికి చేర్చి, ముందువైపు టేపు అంటించి, వెనకవైపు నుంచి వేడి మొనతో ప్లాస్టిక్ కరిగిస్తూ పోయాను. రెండు వేళ్ల ఎడంతో రాగి తీగ ముక్కల్ని అడ్డంగా పెట్టి కుట్లలాగా లోపలికి నొక్కాను. విరిగిన చెవి మీద పాత టీ జల్లెడ జాలీ ముక్క పరిచి కరిగించాను, అది ఇప్పుడు మిగతా చెవులకంటే గట్టిది. పొగ మంచిది కాదు, బయట కూర్చునే చేయండి. పైన ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టకుండా పుట్టీ పెడితే వారంలో పెచ్చులూడిపోతుంది.

రంగు వేయకముందే అన్నీ బిగించి చూడాలి. బానెట్‌కీ ఫెండర్‌కీ మధ్య మూడు రూపాయి బిళ్లలు పేర్చి పైనుంచి కిందిదాకా జరిపాను. ఎక్కడ పట్టేస్తే అక్కడ బోల్టు వదులు చేసి సర్దడమే. దీనికే ఒక ఆదివారమంతా పోయింది.

ఇక రంగు. నా బండిది సిల్వర్. సిల్వర్ రంగంత మొండిది ఇంకోటి లేదు. కోడ్ చెబితే కంపెనీ రంగే కలుపుతారు గానీ, పన్నెండేళ్లు మన ఎండలో కాగిన బండికి ఆ రంగు అతకదు. పెట్రోలు ట్యాంకు మూత ఊడదీసి అంగడికి పట్టుకుపోండి, దాన్ని చూసి కలుపుతారు. పుట్టీకి 120 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 320 పేపరు, ప్రైమర్ మీద 600 వాటర్ పేపరు. ఆ తర్వాతే రంగు, దానిమీద క్లియర్ కోటు. క్లియర్‌లో కలిపే హార్డెనర్ ఊపిరితిత్తులకు చెడ్డది. గుడ్డ కట్టుకుంటే చాలదు, కార్ట్రిడ్జి మాస్కే కావాలి.

నేను చేసిన తప్పు ఇక్కడే. ఆషాఢం గాలి సంగతి తెలిసి కూడా సాయంత్రం నాలుగింటికి క్లియర్ కొట్టాను. పక్కింటి మిద్దె మీద శనక్కాయలు ఒలిచి వదిలేసిన పొట్టంతా లేచి వచ్చి బానెట్ మీద వాలింది. మూడు రోజులు ఆరనిచ్చి, 1500, 2000 పేపర్లతో నీళ్లు పోస్తూ రుద్ది పాలిష్ పట్టాను. ఒకచోట ఎక్కువ రుద్ది సిల్వర్ దాకా పోయాను, దాంతో బానెట్ అంతా మళ్లీ కొట్టాల్సి వచ్చింది. రెండోసారి తెల్లవారుజామున ఐదింటికి, చుట్టూ నేలంతా తడిపి కొట్టాను.

రేడియేటర్‌లో కూలెంట్ నింపాక ఫ్యాను తిరిగేదాకా ఇంజన్ ఆన్‌లో ఉంచి చూడండి. వీల్ అలైన్‌మెంట్ చేయించి, ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ పట్టు కొంచెం సడలించండి. బండి ఒక పక్కకు లాగితే మళ్లీ మేస్త్రీ దగ్గరికే.

మొత్తం ఖర్చు 41 వేలు. పని మొదలైన రోజు నుంచీ ప్రతి దశకీ ఫోనులో ఫోటో తీసుకున్నాను, బిల్లులు కవరులో పెట్టాను, వంగిన బానెట్ గోడకు ఆనించి ఉంచాను. చూడ్డానికి వచ్చిన పార్టీ తాడిపత్రి రైతు, వెంట ఒక మెకానిక్. మెకానిక్ వేలితో కొట్టి వినకముందే, ఈ బండి ముందు గుద్దుకుందని చెప్పి ఫోటోలు చూపించాను. రైతు మాట్లాడకుండా అన్నీ రెండుసార్లు చూశాడు. 1 లక్షా 95 వేలు చెప్పిన బండి 1 లక్షా 85 వేలకు కుదిరింది.

డబ్బు చేతికి రాగానే పని అయిపోలేదు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేసి ఊరుకోవద్దు. ఆర్‌సీ పేరు మారేదాకా ఆ బండి ఎవర్ని గుద్దినా నష్టపరిహారం ఆర్‌సీలో పేరున్నవాడి మీదికే వస్తుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే 10 వేలు తర్వాత ఇమ్మని, ఆర్‌సీ మారాకే అసలు కాగితాలు, రెండో తాళంచెవి ఇచ్చాను. ఆ రోజు ఆయన పోతూ పోతూ వంగిన బానెట్ కూడా అడిగాడు, కోళ్లగూటి మీద కప్పుకోవడానికి.