ఎత్తు ఎక్కితే ఆగిపోయే కార్బురేటర్ కారు: నా అనుభవం

నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్లే దారిలో, అరగంట నడిపాక, చిన్న ఎత్తు వచ్చినా నా పాత అంబాసిడర్ ఇంజన్ దగ్గి ఆగిపోయేది. పది నిమిషాలు నిలబెడితే మళ్లీ స్టార్టయ్యేది. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే కార్బురేటర్ కడిగించాను, ఫిల్టర్ మార్చాను, ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపుకు కొత్త డయాఫ్రమ్ (లోపలి సాగే పొర) వేయించాను, ఎండ వేడికి పెట్రోలు ఆవిరవుతోందంటే పంపుపై తడిబట్ట కూడా చుట్టాను, ఏదీ పనిచేయలేదు.

చివరికి పంపుకూ కార్బురేటర్‌కూ మధ్య T ఆకారపు గొట్టం ముక్క పెట్టి ప్రెషర్ గేజి బిగించాను. ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, 3 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలమానం) చూపిన ముల్లు, కారు ఆగబోయే ముందు 1కి పడింది. తరువాత ట్యాంకు లైను విప్పి, పంపుకు విడిగా ఒక డబ్బా నుంచి పెట్రోలు అందిస్తే ముల్లు 3 దగ్గరే నిలిచింది. అంటే పంపు మంచిదే, లోపం వెనకాల ఉంది. లైను తిరిగి కలుపుతూ పంపుకు ముందు జానెడు పారదర్శక గొట్టం వేసి చూస్తే, పెట్రోలుతో పాటు బుడగలు వరుసగా వస్తున్నాయి. ట్యాంకు దగ్గర రబ్బరు గొట్టం క్లిప్పు కింద సన్నగా పగిలి ఉంది. అది పీల్చే వైపు కాబట్టి చుక్క పెట్రోలు బయటికి కారకుండా గాలి మాత్రం లోపలికి పోయేది. అందుకే ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు. కొత్త పెట్రోలు గొట్టం, రెండు క్లిప్పులు వేశాక, పరీక్ష కోసం పెట్టిన పారదర్శక గొట్టాన్ని తీసేశాను.

రెండు వేసవులుగా ఇబ్బంది లేదు. అయితే ట్యాంకు మూత గాలిరంధ్రం పూడుకున్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కనుక, ముందుగా మూత వదులు చేసి చూడండి. గొట్టాలు విప్పి బిగించే పనంతా ఆరుబయట, ఇంజన్ చల్లారాక, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకొని చేశాను.