గోడకేసి చూస్తూ ఉండిపోయే కోలీ: ముందు మీ చేతి వాచీ చూసుకోండి

కోలీ లాంటి, గొర్రెల, పశువుల మందను తోలే కుక్క జాతుల గురించి అందరూ చెప్పేది ఒకటే: రెండు పూటలా పరిగెత్తిస్తున్నాం, అయినా పిచ్చెక్కినట్టు చేస్తోంది. ముందు నిద్ర సంగతి చూడండి. పెద్ద కుక్కకి రోజుకు 12 నుంచి 14 గంటలు కావాలి, కూనకి 18 దాకా. ఇవి వాటంతట అవి పడుకునే రకం కాదు, ఇంట్లో ఎవరు లేచినా లేచి వెంట తిరుగుతాయి. చీకటి గదిలో సరిగ్గా పడుకోబెట్టి నాలుగు రోజులు చూశాకే మిగతాది చదవండి. ఇది వదిలేసి మళ్లీ బంతి విసురుతారు, అది ఇంకా రెచ్చిపోతుంది.

పరిగెత్తే పిల్లల పిక్కలు పట్టుకోవడం

కోర్గీ, ఆస్ట్రేలియన్ క్యాటిల్ డాగ్ పశువుల మడమలు కొరికి నడిపించడానికి పెంచిన జాతులు. పిల్లల్ని ఉన్నచోటే ఆగిపోమనండి, గోల మొదలవకముందే కుక్కకి లీష్ (పట్టుకుని నడిపించే తాడు) వేయండి.

బైకుల వెంట పడటం

బండి ఎలాగూ వెళ్లిపోతుంది, కుక్క మాత్రం తనే తరిమేశాననుకుంటుంది. ప్రతిసారీ గెలుపే కాబట్టి తనంతట తను మానదు. లీష్ లేకుండా రోడ్డు దగ్గరికి తీసుకెళ్లొద్దు.

గోడకేసి కన్నార్పకుండా చూడటం, నీడల్ని తరమడం

అసలు చిక్కు ఇక్కడే, నేనూ చాలాసార్లు బోల్తా పడ్డాను. లేజర్ లైటుతో ఆడించారా అంటే అబ్బే లేదంటారు, నిజమే చెబుతారు కూడా. కానీ సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ మీరు కప్పు ఎత్తిన ప్రతిసారీ వాచీ అద్దం మీంచి చిన్న వెలుగు మచ్చ గోడ మీద పైకి పాకుతుంది. ఫోన్ స్క్రీనూ అంతే. మీరు పట్టించుకోరు, కుక్క మాత్రం వదలదు.

చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, చంపడం: వేట వరస ఇది. బోర్డర్ కోలీ లాంటివాటిలో మొదటి మూడింటినీ పెంచి చివరివాటిని అణిచారు. గొర్రె అయితే దొడ్లోకి చేరుతుంది, పని అయిపోతుంది. వెలుగుకి వాసన లేదు, నోటికి చిక్కదు, ఉన్నట్టుండి మాయమవుతుంది. అందుకే కుక్క అది మాయమైన చోటే చూస్తూ మర్నాడు కూడా కాపు కాస్తుంది. మీరు నవ్వి వీడియో తీశారో, అలవాటు ఇంకా ముదురుతుంది.

వాచీ తీసేయండి, ఆ వేళకి కర్టెన్లు వేయండి. తల వంచి, ముందు కాలు గాల్లో ఆపిందంటే ఆలస్యమైనట్టే, అంతకుముందే పక్క గదిలోకి పిలవండి. నేల మీద తిండి చల్లి ముక్కుతో వెతికించండి, లేదా తాడు లాగుడు ఆడించండి, నోటికి ఏదో ఒకటి చిక్కాలి. తిట్టొద్దు, టెన్షన్ పెరిగి ఇంకా ఎక్కువ చేస్తుంది. మానడానికి వారాలు పడుతుంది. తిండి మాని గంటల తరబడి అదే పనిగా ఉంటే మాత్రం డాక్టరుకి చూపించాల్సిందే, మందులు కావాల్సి రావచ్చు.

అరుదైనవి

లేని ఈగల్ని పట్టుకుంటున్నట్టు గాల్లో నోరు ఆడిస్తే మూర్ఛ కావచ్చు, కడుపు సమస్యా కావచ్చు, దీనికైతే వీడియో తీసి చూపించండి. మెర్ల్ రంగు (లేత రంగు మీద ముదురు మచ్చలు) కుక్క పిలిస్తే పలకకపోతే వినికిడి పరీక్ష చేయించండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కోలీ జాతి అని ముందే చెప్పండి, ఈ జాతుల్లో కనిపించే ఎండీఆర్1 అనే జన్యు లోపం ఉన్నవాటికి ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఎక్కువ మోతాదు పడితే ప్రాణం మీదికొస్తుంది.