సిక్లిడ్ ట్యాంకులో అండర్‌గ్రావెల్ ఫిల్టర్ ఉంటే అడుగున ఏ రాళ్లు వేయాలి?

ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్ జాతి చేపలు పెంచుతున్నామంటే ఎవరైనా మొదట చెప్పేది "అడుగున సన్న ఇసుక పోయండి" అనే. ఆ చేపలకు ఇసుకంటే ఇష్టమే. నోటినిండా తీసుకుని పక్కన ఉమ్ముతూ గుంటలు తవ్వడం వాటి పుట్టుక గుణం. కానీ మీ ట్యాంకులో అండర్‌గ్రావెల్ ఫిల్టర్ ఉంటే ఆ సలహా వినకండి. ఈ ఫిల్టర్ అంటే ట్యాంకు అడుగున పెట్టే చీలికల ప్లేటు, దానికి బిగించిన నిలువు గొట్టం. విడిగా స్పాంజి ఉండదు, మీరు పోసే రాళ్లే ఫిల్టరు. ఎయిర్ పంపు బుడగలు నిలువు గొట్టంలో పైకి పోతుంటే, నీళ్లు రాళ్ల సందుల్లోంచి ప్లేటు కిందికి దిగుతాయి. రాళ్లకు పట్టుకుని ఉన్న బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మలావీ చేపలకు కావలసిన పీహెచ్ దాదాపు 7.8 నుంచి 8.6. అంత పీహెచ్‌లో అమ్మోనియా మరింత విషం. అందుకే రాళ్ల దగ్గర పొరపాటు చేయకూడదు.

1. సైజు చూసుకోండి

3 నుంచి 5 మిల్లీమీటర్ల రాళ్లు కావాలి. స్కేలు పట్టుకెళ్లక్కర్లేదు, మినపగుళ్ల నుంచి కందిపప్పు దాకా ఉన్న సైజు అనుకోండి. ఇంకా సన్నగా ఉంటే ప్లేటు చీలికల్లోంచి జారిపోతుంది, లేదంటే గట్టిపడి నీటిని దిగనివ్వదు. గోలీల్లాంటివి తెస్తే తిండి మెతుకులు సందుల్లో పడి కుళ్లిపోతాయి. ఇల్లు కట్టే చోట దొరికే కంకర చిప్స్ వద్దు, అంచులు పదునుగా ఉండి చేప నోరు గీసుకుపోతుంది. నున్నటి ఏటి గులకరాళ్లు జల్లించి వాడుకోవచ్చు. రంగులద్దిన రాళ్లు నాకైతే అస్సలు నచ్చవు. రంగు పెచ్చులూడుతుంది, పైగా మరీ తెల్లటి అడుగు మీద చేపల రంగే వెలవెలబోతుంది.

2. నిమ్మరసంతో పరీక్ష

నాపరాయి గచ్చు మీద నిమ్మరసం పడితే మరక పడుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. నాపరాయి సున్నపురాయి కాబట్టి అలా జరుగుతుంది. అదే ఉపాయం ఇక్కడ. కొన్న రాళ్లలో నాలుగైదు కడిగి, ఆరబెట్టి, నిమ్మరసం గానీ వెనిగర్ గానీ చుక్కలు వేయండి. బుసబుసమని నురగ వస్తే ఆ రాళ్లు నీటిలో సున్నం వదిలి గట్టిదనం, పీహెచ్ పెంచుతాయి.

మలావీ చేపలకు, ఆఫ్రికాలోనే ఉన్న టాంగన్యీకా సరస్సు చేపలకు అది మేలే. రామ్, డిస్కస్ లాంటి దక్షిణ అమెరికా మెత్తనీటి (సున్నం తక్కువున్న నీటి) సిక్లిడ్లకు మాత్రం పనికిరాదు, వాటికి నురగ రాని రాళ్లే వేయాలి. మీ బోరు నీళ్లు బకెట్‌కు తెల్లటి పొర కట్టే రకమైతే, మలావీ చేపలకైనా మామూలు గులకరాళ్లు చాలు. మెత్తని నీళ్లయితే నలగ్గొట్టిన ఆల్చిప్పల ముక్కలు కొన్ని కలపండి. సముద్రం నుంచి తెచ్చినవైతే ఉప్పు పోయేదాకా కడగాలి. పగడపు ముక్కల జోలికి వెళ్లకండి. మన దేశంలో పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు.

3. ఎంత కావాలి?

మందం 6, 7 సెంటీమీటర్లు ఉండాలి. పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. దాన్ని ఒకటిన్నరతో గుణిస్తే కిలోలు. 120 × 45 ట్యాంకులో 7 సెంటీమీటర్ల మందానికి సుమారు 57 కిలోలు. స్టాండు ఆ బరువు మోస్తుందో లేదో ముందే చూసుకోండి.

4. పరిచే వరస

అసలు కిటుకు ఇక్కడే ఉంది. నేను మొదటిసారి రాళ్లు ఒకే పొరగా పోశాను. వారం తిరక్కుండానే మగచేప ఓ మూలన ప్లేటు కనిపించేదాకా తవ్వేసింది. నీళ్లు సులువైన దారి చూసుకుని ఆ గుంటలోంచే దిగిపోయాయి, మిగతా రాళ్లకు ప్రవాహమే లేదు. రెండు రోజుల్లో ట్యాంకంతా మసక.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. రాళ్లను నీళ్లు తేటపడేదాకా కడుగుతాను, సబ్బు తగలనివ్వను. ప్లేటు పెట్టి, గుహల కోసం తెచ్చిన పెద్ద బండల్ని నేరుగా దాని మీదే ఆనిస్తాను. గులకరాళ్ల మీద పెడితే చేప కింద తవ్వగానే బండ ఒరిగి అద్దం పగిలే ప్రమాదం ఉంది. బండ కింద నీళ్లు దిగవు కాబట్టి నాలుగైదుకు మించి పెట్టను. తర్వాత 4 సెంటీమీటర్లు రాళ్లు, దాని మీద ప్లాస్టిక్ జాలీ, పైన మళ్లీ 3 సెంటీమీటర్ల రాళ్లు. జాలీ కన్నులు రాళ్లు జారనంత చిన్నగా, నీళ్లు ఆగనంత పెద్దగా ఉండాలి. దోమల మెష్ త్వరగా మూసుకుపోతుంది, ఇనుప జాలీ తుప్పు పడుతుంది.

5. తర్వాత

బ్యాక్టీరియా కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు, చేపల్ని ఒకేసారి దించకండి. నీళ్లు మార్చిన ప్రతిసారీ సైఫన్ గొట్టంతో మూడో వంతు రాళ్లలో మురికి లాగండి. అన్నీ ఒకేసారి తీసి కడిగారంటే బ్యాక్టీరియా పోతుంది, మళ్లీ మొదటికే వస్తారు. కరెంటు పోయి గంటలు గడిచినా ఆక్సిజన్ అందక అదే గతి, కాబట్టి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గరుంచుకోండి.

మా మగచేప ఇప్పటికీ అదే మూలలో రోజూ తవ్వుతుంది. జాలీ తగలగానే రెండుసార్లు ముట్టెతో పొడిచి చూసి, పక్కన ఇంకో గుంట మొదలుపెడుతుంది.