సీడీలు కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు వచ్చే తంటాలు, వాటి మందులు

విజయనగరంలో మా మావయ్యకి మూడు అట్టపెట్టెల నిండా సీడీలు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, కచేరీలు, హరికథలు. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉన్న ఊళ్ళో పుట్టినవాడికి ఆ పిచ్చి ఉండడం వింతేం కాదు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే పని నా మెడకి చుట్టుకుంది. ఒకే పని మూడుసార్లు చేశాను. మొదటి రెండుసార్లూ తప్పు నాదే.

“పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేశాను, పాట రావట్లేదు”

నాకంటే ముందు మావయ్యే ప్రయత్నించాడు. సీడీ తెరిచి, కనిపించిన పన్నెండు ఫైళ్ళూ పెన్ డ్రైవ్‌లోకి లాగేసి, కారేసుకుని శ్రీకాకుళం బయల్దేరాడు. రణస్థలం దాటకుండానే ఫోను: “ఏట్రా ఇది, పన్నెండు పాటలుంటే ఒక్కటీ పలకదు?”

ఇంటికొచ్చాక చూస్తే ఒక్కో ఫైలు 44 బైట్లు. సీడీలో ఒక్క సెకను సంగీతానికే 1,76,400 బైట్లు కావాలి. విండోస్‌లో కనిపించే ఆ సీడీఏ ఫైలు పాట కాదు, పాట డిస్కులో ఎక్కడుందో చెప్పే చీటీ. చీటీ పట్టుకెళ్ళి పాట వినలేం కదా. సీడీని ‘రిప్’ చేసే సాఫ్ట్‌వేర్‌తోనే పాటని బయటికి తీయాలి.

“వయొలిన్ నీళ్ళలోంచి వినిపిస్తున్నట్టుంది”

ఇది నా మొదటి తప్పు. చోటు కలిసొస్తుందని అన్నీ 128 కేబీపీఎస్ (సెకనుకి 128 వేల బిట్లు, ఈ లెక్కనే బిట్‌రేట్ అంటారు) ఎంపీ3లో చేసేశాను. నిమిషానికి ఒక ఎంబీ కూడా పట్టదు. కానీ ఎంపీ3 అంటేనే చెవికి ఆనదనుకున్నది కోసి పారేసే పద్ధతి. పాత 78 ఆర్పీఎం రికార్డుల నుంచి సీడీకి ఎక్కించిన వాటిలో సన్నని బుసశబ్దం ఎప్పుడూ ఉంటుంది. తక్కువ బిట్‌రేట్‌లో ఎన్‌కోడర్‌కి, అంటే ఎంపీ3గా మార్చే సాఫ్ట్‌వేర్‌కి, ఆ బుసే పెద్ద బరువు. దాన్ని మోయలేక వయొలిన్‌ని కూడా కలిపి నలిపేస్తుంది.

రెండో తప్పు ఇంకా తెలివైనది: ఆ ఎంపీ3లనే ఫ్లాక్‌గా, అంటే ఏమీ కోయకుండా దాచే ఫార్మాట్‌లోకి, మార్చాను. ఫైళ్ళు లావయ్యాయి, ధ్వని మారలేదు. వెన్న తీసేసిన మజ్జిగని ఎంత పెద్ద కుండలో పోస్తే మాత్రం వెన్న వస్తుందా? మళ్ళీ సీడీ దగ్గరికే పోవాలి. వంద పాటలున్నాయని ఒకే డిస్కు కొన్నారా, అది ఎంపీ3 డిస్కే. దానికి రిప్ అక్కర్లేదు, ఫైళ్ళు ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసుకోండి.

అసలు మందు ఫ్లాక్. సీడీలో ఉన్న 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ సంగీతంలో ఒక్క బిట్టు కూడా పోకుండా మడత పెడుతుంది. 74 నిమిషాల సీడీ, మడత పెట్టకుండా ఉన్నదున్నట్టు దాచే వేవ్ ఫార్మాట్‌లో సుమారు 780 ఎంబీ. ఫ్లాక్‌లో చాలావరకు అందులో సగం నుంచి మూడింట రెండొంతుల మధ్య తేలుతుంది. వేవ్‌లోనూ ధ్వని అంతే బావుంటుంది కానీ రాగం, తాళం, పాడినవారి పేరు రాసుకుంటే అన్ని ప్లేయర్లూ చదవవు. నా మటుకు నేను దాని జోలికి పోను.

“ఫ్లాక్ ఫైలు మరీ చిన్నగా వచ్చింది, ఏదో పోయినట్టుంది”

ఏమీ పోలేదు. పాత రికార్డింగులు మోనో. కుడి ఎడమలు అచ్చంగా ఒకటే అయితే ఫ్లాక్ అది కనిపెట్టి ఒక్కసారే రాసుకుంటుంది. నాయుడు గారి ట్రాకులు కొన్ని ఇలా వస్తే నేనే కంగారుపడి మళ్ళీ రిప్ చేశాను. సైజు అంతే వచ్చింది.

“రాగం అయ్యి కీర్తన ఎత్తుకునే చోట తంబూర తెగుతోంది”

కచేరీ సీడీల్లో ఇది ప్రాణం తీస్తుంది. సీడీలో ధ్వనిని సెకనుకి 44,100 సార్లు కొలిచి రాస్తారు, ఒక్కో కొలతా ఒక నమూనా. ఎంపీ3 పాటని 1,152 నమూనాల ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్క సెకనులో 38వ వంతు. మొదట్లో, చివర్లో ముక్క నిండకపోతే నిశ్శబ్దం కుక్కుతుంది. సినిమా పాటల్లో ఎవరికీ తెలీదు, శ్రుతి నడుస్తుంటే మాత్రం చెవికి గుచ్చుకుంటుంది. ఫ్లాక్‌లో ఈ నింపుడు లేదు. ప్లేయర్‌లో ‘గ్యాప్‌లెస్’ (పాటకీ పాటకీ మధ్య ఆగకుండా వాయించేది) ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

“ఫ్లాక్ చేశాను, కారులో కనపడదు”

పాత కారు స్టీరియోలు చాలావాటికి ఎంపీ3 తప్ప తెలీదు. ఫ్లాక్ ఇంట్లో ఉంచి, దాన్నుంచే 320 కేబీపీఎస్ ఎంపీ3 కాపీ తీసి పెన్ డ్రైవ్‌లో వేయండి. పెన్ డ్రైవ్ ఫ్యాట్32లో (ఫార్మాట్ చేసేటప్పుడు ‘ఫైల్ సిస్టమ్’ దగ్గర కనిపించే పేరు) ఫార్మాట్ చేసి ఉండాలి. తెలుగు పేర్లు డబ్బాలుగా కనిపిస్తే స్టీరియోలో తెలుగు ఫాంటు లేనట్టే, ఆ కాపీలో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి. ముందు 01, 02 అని అంకెలుంటే వరస తప్పదు. ఐఫోన్ మ్యూజిక్ యాప్ వాడేవాళ్ళు ఫ్లాక్‌లాగే ఏమీ కోయని ఆపిల్ లాస్‌లెస్‌ ఫార్మాట్‌కి మార్చుకోవచ్చు, నాణ్యత ఏమీ తగ్గదు.

“మధ్యలో టక్ టక్ మంటోంది”

దీనికి ఫార్మాట్‌ని తిట్టి లాభం లేదు, గీత డిస్కు మీద ఉంది. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా కాదు. మెరిసే వైపు గీత కంటే పేరు రాసుండే వైపు గీత ప్రమాదం, సంగీతం ఉన్న పొర సరిగ్గా దాని కిందే ఉంటుంది. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి సాఫ్ట్‌వేర్ ఒకే చోటుని మళ్ళీ మళ్ళీ చదివి, చదువు కుదరకపోతే ఫలానా చోట అనుమానం అని చెబుతుంది. ఇంట్లో బర్న్ చేసిన సీడీలుంటే ముందు వాటి పని చూడండి. వాటిలోని రంగుపొర ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతుంది.

మావయ్య హరికథ సీడీ ఒకటి ఏడో ట్రాకు దగ్గర మొండికేసింది. తుడిచాను, డ్రైవ్ చదివే వేగం తగ్గించాను, లాభం లేకపోయింది. పక్కింటి వాళ్ళ పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లో పెడితే ఒక్క తప్పు లేకుండా చదివేసింది.