మాగ వేటకు వెళ్తున్నారా? వీపు వైపు ఒక కన్ను ఉంచండి

ఎండాకాలం సెలవులకు బరంపురం వచ్చే చుట్టాల పిల్లల సామాన్లలో ఈమధ్య ఫ్లై రాడ్ కనిపిస్తోంది. తొమ్మిదడుగుల సన్నటి కర్ర, లావు దారం, ఈకలు చుట్టిన దొంగ ఎర. నార్వే, స్కాట్లాండ్ నదుల్లో సాల్మన్ పట్టడానికి వాడే తరహా సరంజామా ఇది. మన సముద్రంలో సాల్మన్ లేదు. హోటల్ మెనూల్లో ‘ఇండియన్ సాల్మన్’ అని రాసేది మన మాగ చేపనే. అది నదీముఖాల దగ్గర మడ్డినీళ్లలో రొయ్యల కోసం తిరుగుతుంది కాబట్టి మన వేట కూడా అక్కడే.

ముందు చోటు సంగతి. రుషికుల్య నది ముఖం వైపు మే 31 దాకా వెళ్లకండి. ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం అక్కడ నవంబర్ 1 నుంచి ఏడు నెలలు చేపలవేట నిషేధం. ఏప్రిల్, మే రాత్రుల్లో పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చి సముద్రం వైపు పాకుతాయి. మన టార్చి వెలుగు చూసి దారి తప్పుతాయి కూడా. గోపాలపూర్ దగ్గర ఆర్మీ ఫైరింగ్ రేంజి ఉంది, ఆ పక్కకు పోయేముందు ఊళ్లో అడగాలి. మిగిలింది సునాపూర్ దగ్గర బాహుదా నది ముఖం. నాకు నచ్చిన చోటు అదే, భయపెట్టే చోటూ అదే.

ఆటు మీద నీళ్లు తగ్గగానే నది ముఖంలో ఇసుకదిబ్బ బయటపడుతుంది. మోకాలి లోతు పాయ దాటి దిబ్బ ఎక్కి, సముద్రం వైపు తిరిగి గాలం విసురుతాం. పోటు మొదలైతే నీళ్లు ముందుగా నిండేది మన ముందు కాదు, వెనకున్న ఆ పాయలో. చేప తగిలిన హుషారులో అరగంట మరిచిపోతే తిరిగొచ్చే దారి నడుం లోతవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మరీ ఎక్కువ. అందుకే పాయ ఒడ్డున ఒక పుల్ల గుచ్చి వెళ్లండి. నీరు పుల్లను తాకిందా, చేప ఉన్నా లేకపోయినా కదలాలి. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. ఇసుక కూడా నిన్న ఉన్నచోట ఉండదు. తెల్లారి నోళియా జాలర్ల పేటకు వెళ్లి ‘ఇవాళ ఎక్కడ లోతుంది బాబాయ్?’ అని అడగండి. వాళ్లది మన తెలుగే, మొహమాటం అక్కర్లేదు.

దిబ్బ మీద ఉండగా ఆటు జోరందుకున్నా నీళ్లలోకి దిగకండి. నది నీరు, ఆటు కలిసి సముద్రంలోకి లాగుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. కేక వేసినా వినేవాళ్లు తక్కువ.

రెండో వెనక ప్రమాదం మేఘం. చైత్ర, వైశాఖాల సాయంత్రాల్లో వచ్చే గాలివాన ఇక్కడ వాయవ్యం నుంచి, అంటే సముద్రం చూస్తున్నవాడి వీపు వైపు నుంచి వస్తుంది. ముందు ఆకాశమంతా నీలంగానే ఉంటుంది. ఉరుము వినపడిందంటే పిడుగు అందే దూరంలోనే ఉన్నట్టు. కార్బన్ కర్ర కరెంటును పట్టుకుంటుంది. పైకెత్తకుండా కింద పడేసి పరుగెత్తండి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. అసలు మధ్యాహ్నం రెండు తర్వాత వేట మానుకోవడం మేలు. అలల హెచ్చరికలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తుంది. బయల్దేరే ముందు ఒకసారి చూడండి.

మూడోది మన గాలమే. ఫ్లై రాడ్ దారాన్ని మొదట వెనక్కి, తర్వాత ముందుకి విసురుతారు. మన తీరంలో సముద్రానికి ఎదురుగా నిలబడితే దక్షిణగాలి కుడి వైపు నుంచి కొడుతుంది, కుడిచేతివాటం వాళ్ల గాలాన్ని సరిగ్గా చెవి మీదికి తోస్తుంది. పోయినేడు మా మేనల్లుడి చెవికి అలాగే దిగింది. వాడి టెన్షన్ కంటే మా అక్క టెన్షన్ చూడలేకపోయాం. టోపీ, కళ్లజోడు తప్పనిసరి. గాలం కొన దగ్గరుండే ఎదురుముల్లును కటింగ్ ప్లేయర్‌తో నొక్కి పెట్టుకోండి. ముల్లుతో లోతుగా దిగితే లాగకుండా గుడ్డ చుట్టి ఆసుపత్రికి పోవాలి. టీటీ ఇంజక్షన్ సంగతీ అడగాలి. నలుగురూ వరసగా నిలబడి విసరడం మాత్రం వద్దు.

చలిదేశాల్లో వేసుకునే ఛాతీ దాకా రబ్బరు సూటు ఇక్కడ తేకండి. వేడికి ఉడికిపోతారు, పడితే నీళ్లు నిండుతాయి. పాత బూట్లు చాలు. నీళ్లలో అడుగు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడవండి, తోకలో ముల్లుండే టేకు చేప ఉంటే తప్పుకుంటుంది. ముల్లు గుచ్చితే కాలు తట్టుకునేంత వేడినీళ్లలో పెడితే నొప్పి దిగుతుంది. వేడి ఎంతుందో ముందు దెబ్బ తగలని కాలితో చూసుకోండి. ఆ తర్వాత డాక్టరు. జెల్ల పడితే చేత్తో పట్టుకోకండి, దాని ముళ్లూ తక్కువవి కావు.

తాగే నీళ్లు తలకు మూడు లీటర్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, నిమ్మకాయలు. పెద్ద మాగ పడితే వదిలేయండి. ఆ చేప మగగా పెరిగి తర్వాత ఆడగా మారుతుంది, పెద్దవి చాలావరకు గుడ్లు పెట్టేవే. కూరకు చిన్నదే రుచి, మా ఇంట్లో చింతకాయ వేసి వండుతారు.