ఆసుపత్రి పద్దులు, 4వ పాఠం: క్లెయిమ్‌లో కోత పడితే పన్ను లెక్క

గత పాఠం చివర ఒక బీమా క్లెయిమ్ ఇచ్చి, అందులో రాని బాకీగా ఎంత రైటాఫ్ చేయాలని (పుస్తకాల్లోంచి కొట్టేయాలని) అడిగాను. చాలామంది పంపిన జవాబు 26,200. అది తప్పు. ఈసారి ఆడిట్ రిపోర్టు మొదలుపెట్టాల్సింది, కానీ దీన్ని ఇలాగే వదిలేస్తే రిటర్న్ దగ్గర దెబ్బతింటారు.

నర్సింగ్ హోమ్ బిల్లు 1,00,000. టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) నుంచి బ్యాంకులో పడింది 73,800. తేడా మొత్తాన్నీ రాని బాకీ కింద రైటాఫ్ చేసేశారు. సెటిల్‌మెంట్ లెటర్ తీసి చదవండి: ఒప్పందం డిస్కౌంట్ 10,000; గ్లౌజులు, రిజిస్ట్రేషన్ ఫీజు వగైరాలకు కోత 8,000; మంజూరైంది 82,000; అందులో 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) 8,200.

ఈ 8,200 ఎక్కడికీ పోలేదు, మీ పాన్ మీద ప్రభుత్వానికి జమైంది. ఆసుపత్రులకు చెల్లించేటప్పుడు టీపీఏలు ఆదాయపు పన్ను చట్టం 194జె సెక్షన్ కింద టీడీఎస్ కోయాలని సీబీడీటీ (ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు) 2009లోనే 8వ నంబరు సర్క్యులర్‌లో చెప్పింది. కోసిన టీడీఎస్ కూడా మీ ఆదాయమేనని 198 సెక్షన్ అంటుంది. దాన్ని రైటాఫ్ చేసి, మళ్లీ 26ఏఎస్ (మీ పాన్ మీద జమైన పన్ను చూపే స్టేట్‌మెంట్) చూసి క్రెడిట్ అడిగితే, అంటే కట్టాల్సిన పన్నులో తగ్గించుకుంటే, ఒకే సొమ్మును రెండుసార్లు వాడుకున్నట్టు. క్రెడిట్ అడగకపోతే మరీ నష్టం: 30 శాతం స్లాబులో రైటాఫ్ వల్ల తగ్గే పన్ను 2,460, వదులుకున్నది 8,200. దయచేసి బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి రైటాఫ్ రాయకండి.

డిస్కౌంట్ అసలు బాకీయే కాదు, బిల్లు ఆదాయంలోంచే తగ్గించండి. 8,000 పేషెంటు నుంచి వసూలయ్యే వీలుంటే అతని పేర రాయండి. రాదని తేలితే అప్పుడు రైటాఫ్ చేసి, రాని బాకీలకు మినహాయింపు ఇచ్చే 36(1)(vii) సెక్షన్ వాడండి. బాకీ మొండిదని రుజువు చేయనక్కర్లేదు, పుస్తకాల్లో రైటాఫ్ చేస్తే చాలని టీఆర్‌ఎఫ్ అనే కంపెనీ కేసులో 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. రాకపోవచ్చని ఊరికే ప్రొవిజన్ (ముందుజాగ్రత్త కేటాయింపు) పెడితే మాత్రం చెల్లదు. నేనైతే ప్రతి క్లెయిమ్ నంబరుకూ విడిగా ఎంట్రీ రాస్తాను. తర్వాత డబ్బొస్తే ఆ ఏడాది ఆదాయంలో చూపాలి కాబట్టి, ఏది వచ్చిందో అప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

క్యాష్ పద్ధతిలో, అంటే డబ్బు చేతికొచ్చినప్పుడే ఆదాయంగా, లెక్కలు రాసే డాక్టర్లకు ఈ రాని బాకీ మినహాయింపు లేదు. రాని క్లెయిమ్‌ను వాళ్లు ఆదాయంగా చూపనే లేదు కదా.

ఆరోగ్యశ్రీ బకాయిలు ఆలస్యమైనంత మాత్రాన రైటాఫ్ చేయకండి. మంజూరైన క్లెయిమ్ అయితే రావాల్సిన సొమ్ము కిందే ఉంచండి.

సెక్షన్ నంబర్లన్నీ 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టంలో నంబర్లు వేరు.

అభ్యాసం: పోయిన ఏడాది సెటిల్‌మెంట్ లెటర్లన్నీ తీసి, ఒక్కో క్లెయిమ్ తేడానూ డిస్కౌంట్, కోత, టీడీఎస్‌గా విడగొట్టండి. టీడీఎస్ మొత్తం 26ఏఎస్‌తో రూపాయి తేడా లేకుండా కలిసేదాకా 5వ పాఠం తెరవకండి.