జర్మనీలో ఎక్స్ఛేంజ్ సెమిస్టర్, 3వ పాఠం: టైమ్ టేబుల్ చదవడం, పరీక్షకి పేరు ఇవ్వడం

కిందటి పాఠంలో రూమ్, అడ్రస్ రిజిస్ట్రేషన్ గురించి చెప్పుకున్నాం. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసుకి వెళ్లి అడ్రస్ నమోదు చేయించుకోవాలి, దానికి ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన కాగితం కావాలి. ఆ పని ఇంకా కాకపోతే ముందు అది చూసుకోండి. అయిపోయిందా, ఇక చదువులోకి వద్దాం.

ఈ పాఠమంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. జర్మన్ యూనివర్సిటీలో మీ వెనకాల పడి గుర్తుచేసేవాళ్లు ఉండరు. క్లాసుకి ఎందుకు రాలేదని అడగరు, పరీక్షకి పేరు ఇచ్చావా అని అడగరు. హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరేమో అన్న భయంతో చదువుకున్న మనకి మొదట్లో ఇది హాయిగా ఉంటుంది. అసలు కష్టం జనవరిలో తెలుస్తుంది. మీ మీద పట్టింపు లేక అలా చేయరు, మీరు పెద్దవాళ్లు, మీ తేదీలు మీరే చూసుకుంటారని వాళ్ల లెక్క. కాబట్టి మనం నేర్చుకోవాల్సింది ఆ తేదీలు ఎక్కడ ఉంటాయో వెతికి పట్టుకోవడం, తెలియనిది ముందే అడిగేయడం.

ముందు సెమిస్టర్ లెక్క. చాలా యూనివర్సిటీల్లో శీతాకాలం సెమిస్టర్ అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు, వేసవిది ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు. కానీ ఇది కాగితం మీద లెక్క. క్లాసులు మొదలయ్యేది అక్టోబర్ మధ్యలో, అయిపోయేది ఫిబ్రవరి మొదట్లోనో మధ్యలోనో. ఆ తర్వాత క్లాసులు లేని కాలం వస్తుంది, దాన్ని సెలవులు అనుకోకండి. పరీక్షలు, ప్రాజెక్ట్ రిపోర్టులు, వ్యాసాలు చాలావరకు అప్పుడే పడతాయి. ఫిబ్రవరి మొదటి వారానికి తిరుగు టికెట్ కొనేసుకుని వచ్చినవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఇంకా కొనకపోతే పరీక్ష తేదీలు తెలిసేదాకా ఆగండి.

ఇప్పుడు టైమ్ టేబుల్లో ఒక వరస తీసుకుని చదువుదాం. యూనివర్సిటీ పోర్టల్లో ఇలా కనిపిస్తుంది: మంగళవారం, 10 నుంచి 12, సి.టి., ఫోర్లెజుంగ్, 2 ఎస్.డబ్ల్యు.ఎస్., 5 క్రెడిట్లు.

సి.టి. అంటే చెప్పిన టైముకి పావుగంట తర్వాత మొదలవుతుందని. అంటే ఈ క్లాసు 10:15కి మొదలై 11:45కి అయిపోతుంది. ఎస్.టి. అని ఉంటే సరిగ్గా 10కే. పరీక్షల విషయంలో మాత్రం ఈ పావుగంటని నమ్ముకోకండి, రాసిన టైముకి ముందే అక్కడ ఉండాలి. ఫోర్లెజుంగ్ అంటే పెద్ద హాల్లో ప్రొఫెసర్ చెప్పే లెక్చర్. ఎస్.డబ్ల్యు.ఎస్. అనేది వారానికి ఎన్ని పీరియడ్లో చెబుతుంది, ఒక్కో పీరియడ్ 45 నిమిషాలు, కాబట్టి 2 అంటే వారానికి గంటన్నర. (లెక్చర్ అయిపోగానే అందరూ బల్లల మీద వేళ్ల కణుపులతో టకటకా కొడతారు. కంగారు పడకండి, అది వాళ్ల చప్పట్లు. మీరూ కొట్టండి.)

అసలు సంగతి ఆ చివర ఉన్న క్రెడిట్లలో ఉంది. యూరప్ క్రెడిట్ పద్ధతిలో పూర్తి సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు, జర్మనీలో ఒక్కో క్రెడిట్‌కి మామూలుగా 30 గంటల పని కింద లెక్క. అంటే ఈ 5 క్రెడిట్ల కోర్సు 150 గంటల పని. లెక్చర్ వారానికి గంటన్నర, దానితో పాటు లెక్కలు చేయించే క్లాసు, ఊబుంగ్ అంటారు, అదో గంటన్నర ఉందనుకుందాం. 14 వారాలకి కలిపి 42 గంటలు. మిగతా 108 గంటలు? అవి టైమ్ టేబుల్లో కనిపించవు, అవి మీరు లైబ్రరీలోనో రూమ్‌లోనో కూర్చుని సొంతంగా చేయాల్సినవి. పరీక్ష ముందు చదివేది కూడా అందులోదే అయినా, వారానికి దగ్గరదగ్గర ఎనిమిది గంటలు, అదీ ఒక్క కోర్సుకి. వారంలో మూడు రోజులు ఖాళీ కనబడుతోంది కదా అని ఇంకో రెండు కోర్సులు కలిపేసేవాళ్లకి ఈ లెక్క ముందే చూపించాలనిపిస్తుంది నాకు. వచ్చిన మొదటి సెమిస్టర్‌లో, కొత్త భాష, కొత్త ఊరు, ఇన్ని ఆఫీసుల పనుల మధ్య, మీ కాలేజీ ఒప్పుకుంటే 30కి బదులు 20–25 తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. కనీసం ఎన్ని తీసుకోవాలో లెర్నింగ్ అగ్రిమెంట్‌లోనూ (ఇక్కడ ఏ కోర్సులు చదువుతారో మీరు, మీ కాలేజీ, ఇక్కడి యూనివర్సిటీ కలిసి రాసుకునే ఒప్పందం), స్కాలర్‌షిప్ ఉంటే దాని షరతుల్లోనూ చూసుకోండి. కోర్సు మార్చినప్పుడల్లా ఆ అగ్రిమెంట్ కూడా మార్చి రెండు వైపులా సంతకాలు చేయించాలి, నోటిమాట పనికిరాదు.

ఊబుంగ్ ఉన్న కోర్సుల్లో వారం వారం ఒక ప్రశ్నల పేపర్ ఇస్తారు. దానికి మార్కులు కలవకపోవచ్చు, కాబట్టి వదిలేద్దాం అనిపిస్తుంది. వదలకండి. చాలా కోర్సుల్లో వాటిలో ఇంత శాతం, ఎక్కువగా సగం, తెచ్చుకుంటేనే చివరి పరీక్షకి కూర్చోనిస్తారు. ఆ షరతు మొదటి క్లాసులో ఒకసారి చెప్పి ఊరుకుంటారు, అందుకే మొదటి వారం క్లాసు మాత్రం ఏ పరిస్థితిలోనూ ఎగ్గొట్టకూడదు. సెమినార్ అయితే పద్ధతి వేరు, అక్కడ మీరే ఒక టాపిక్ మీద మాట్లాడాలి, తర్వాత దాని మీద వ్యాసం రాసివ్వాలి.

ఇక పరీక్ష. ఇది నిదానంగా చదవండి. కోర్సులో చేరడం వేరు, పరీక్షకి పేరు ఇవ్వడం వేరు. పోర్టల్లో కోర్సుకి రిజిస్టర్ అయ్యారు, కోర్సు మెటీరియల్ పెట్టే మూడ్ల్ సైట్‌లోంచి అన్నీ డౌన్‌లోడ్ చేసుకున్నారు, వారం వారం పేపర్లు ఇచ్చారు, అయినా పరీక్షకి విడిగా పేరు నమోదు చేయకపోతే రాయనివ్వకపోవచ్చు, రాసినా లెక్కలోకి రాకపోవచ్చు. ఆ నమోదుకి కొన్ని రోజుల గడువే ఉంటుంది, ఒక్కోచోట పరీక్షకి చాలా వారాల ముందే ముగిసిపోతుంది. గడువు తేదీని పరీక్షల ఆఫీసు, ప్రూఫుంగ్స్‌ఆమ్ట్ అంటారు, దాని పేజీలో పెడతారు. ఎక్స్ఛేంజ్ వాళ్లకి కొన్ని యూనివర్సిటీల్లో పోర్టల్ పనిచేయదు, కాగితం ఫారం నింపి ఇవ్వాల్సి వస్తుంది. మీది ఏ రకమో మొదటి రెండు వారాల్లోనే ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగేయండి. పేరు ఇచ్చాక మనసు మారితే వెనక్కి తీసుకోవడానికీ ఒక గడువు ఉంటుంది, అది దాటి పరీక్షకి వెళ్లకపోతే 5.0 పడుతుంది. ఇక్కడ 1.0 అన్నిటికన్నా మంచి గ్రేడు, 4.0 వస్తే పాస్, 5.0 అంటే ఫెయిల్. అంకె పెద్దదని సంబరపడొద్దు.

తిరుగు ప్రయాణానికీ పరీక్ష తేదీకీ పొసగకపోతే ప్రొఫెసర్‌కి మెయిల్ రాయాలి, అదీ నవంబర్‌లోనే. జనవరి ఆఖర్లో రాస్తే వాళ్లు కూడా ఏమీ చేయలేరు. ఎలా రాయాలో చూడండి. సబ్జెక్ట్ లైన్‌లో కోర్సు పేరు, విషయం. "డియర్ ప్రొఫెసర్" తర్వాత ఇంటిపేరు, మొదటి పేరు వద్దు, సర్, మేడమ్ కూడా వద్దు. ఆ తర్వాత ఇంతే:

"నేను ఈ సెమిస్టర్‌కి వచ్చిన ఎక్స్ఛేంజ్ విద్యార్థిని, మీ మంగళవారం లెక్చర్‌కి వస్తున్నాను. పరీక్ష ఫిబ్రవరి 24న అని పోర్టల్లో ఉంది. మా కాలేజీలో తర్వాతి సెమిస్టర్ ఫిబ్రవరి 16న మొదలవుతుంది. అంతకు ముందు మౌఖికంగా గానీ వేరే విధంగా గానీ పరీక్ష ఇచ్చే వీలు ఉంటుందా? మీరు చెప్పిన టైముకి ఆఫీసుకి వచ్చి మాట్లాడగలను."

కింద పూర్తి పేరు, మెట్రిక్యులేషన్ నంబర్ (పదో తరగతిది కాదు, ఇక్కడి యూనివర్సిటీ మీకిచ్చిన విద్యార్థి నంబర్). క్షమాపణలు, పొగడ్తలు, ఇంటి పరిస్థితులు ఏవీ అక్కర్లేదు. ఒక మెయిల్‌కి ఒక ప్రశ్న. యూనివర్సిటీ ఇచ్చిన అడ్రస్ నుంచే పంపండి, ఆ ఇన్‌బాక్స్ రోజూ చూడండి, ఎందుకంటే ముఖ్యమైన కబుర్లన్నీ అక్కడికే వస్తాయి. వారం దాటినా జవాబు రాకపోతే కోపం వచ్చిందేమో అని టెన్షన్ పడొద్దు, ప్రొఫెసర్ పేజీలో ష్ప్రెష్‌టుండె అని వారానికి ఒక గంట రాసి ఉంటుంది, విద్యార్థులని కలిసే టైమ్ అది, అప్పుడు వెళ్లండి. నిర్ణయం వాళ్లదే, కాదన్నా ఇంకో దారి వెతుక్కునే టైమ్ మీకు మిగులుతుంది.

ఆఫీసుల్లో దొరకని సమాధానాలు ఫాఖ్‌షాఫ్ట్‌లో దొరుకుతాయి. ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఉండే విద్యార్థుల సంఘం అది. పాత పరీక్ష పేపర్లు వాళ్ల దగ్గర ఉంటాయి, ఏ కోర్సు ఎంత కష్టమో మొహమాటం లేకుండా చెబుతారు. తలుపు తట్టి లోపలికి వెళ్లి "నేను కొత్త" అంటే చాలు. మన సీనియర్ల గ్రూపులో పది మంది పది రకాలుగా చెప్పేది నమ్మేకన్నా, అదే కోర్సు పోయినేడు రాసినవాళ్లని అడగడం ఎంతో నయం.

ఈ వారం అభ్యాసం: మీరు తీసుకున్న ప్రతి కోర్సుకీ ఒక కాగితం తీసి, పరీక్ష తేదీ, పేరు ఇవ్వడానికి ఆఖరి తేదీ, వెనక్కి తీసుకోవడానికి ఆఖరి తేదీ రాయండి. అదే కోర్సుకి రెండోసారి పెట్టే పరీక్ష ఉంటే దాని తేదీ కూడా. ఏది దొరక్కపోతే అక్కడ ప్రశ్నార్థకం పెట్టి, ఎవరిని అడగాలో పక్కన రాసుకోండి. ఆ ప్రశ్నార్థకాలన్నీ శుక్రవారం లోపు పోవాలి. 4వ పాఠంలో ఊబుంగ్‌లో ముగ్గురు నలుగురు కలిసి చదివే గుంపులో ఎలా చేరాలో, జర్మన్ అంతగా రాకపోయినా అక్కడ ఎలా మాట్లాడాలో చూద్దాం.